నేను దుర్గం చెరువు గుండుని

నేను హైదరాబాద్ మాదాపూర్‌లో దుర్గం చెరువు ఒడ్డునున్న గుండుని. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒకరి మీద ఒకరం నిలబడ్డ మమ్మల్ని చూసి, ఎవరు పేర్చారోనని జనం ఆశ్చర్యపోతుంటారు. ఎవరూ పేర్చలేదు. నేల లోపలి గ్రానైటు పగుళ్లలోకి నీరు దిగింది. అంచులు మెత్తబడి మట్టయ్యాయి. ఆ మట్టిని వానలు కడిగేస్తే మిగిలిన గట్టి భాగాలమే మేము.

కుతుబ్‌షాహీల కాలంలో ఈ చెరువు నీళ్లే గోల్కొండ కోట దాహం తీర్చాయి. కోట పాడుబడ్డాక కూడా చెరువు నిలిచింది, పక్కన మాదాపూర్ పల్లె నిలిచింది. మా సందుల్లో సీతాఫలం చెట్లు కాసేవి. మా నీడన పశుల కాపరులు సద్దిమూట విప్పేవాళ్లు.

ఉలి దెబ్బ మాకు కొత్త కాదు. వడ్డెరలు బండ వాలు చూసి, వరసగా గుంటలు తొలిచి, సమ్మెటతో కొట్టేవాళ్లు. గీత గీసినట్టు చీలేవాళ్లం. గడపకు, రోలుకు, బావి ఒరకు, పొలం హద్దుకు ఎంత కావాలో అంతే తీసుకునేవాళ్లు. పల్లె మమ్మల్ని వాడుకుందే గానీ ఊడ్చెయ్యలేదు.

1992లో దగ్గర్లోనే శిల్పారామం వచ్చింది. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ఐటీ కంపెనీల సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటిదాకా ఎకరాల్లో మాట్లాడిన నోళ్లు గజాల లెక్కకు దిగాయి. గజం ధర తెలిశాక గుండు అడ్డమైంది. సమ్మెటలు పోయి డ్రిల్లింగ్ మిషన్లు, మందుగుండు వచ్చాయి. నా తోటివాళ్లు క్రషర్లో పడి కంకరయ్యారు, ఆ కంకరే కాంక్రీటై అంతస్తులుగా లేచింది. ఒకప్పుడు కోట తాగిన చెరువులోకి మురుగు చేరింది, గుర్రపుడెక్క అల్లుకుంది.

2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీతో పాటు మాదాపూర్ కూడా గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2019లో హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చింది. 2020 సెప్టెంబరులో చెరువు మీద తీగల వంతెన తెరిచారు. సాయంత్రమైతే దాని దీపాలను ఫొటో తీసుకోవడానికి జనం వస్తారు. ఆ ఫొటోల్లో ఓ మూల నేనూ ఉంటాను.

నగరం వచ్చినందుకు నాకు ఏడుపు లేదు. ఎందరికో ఇక్కడ అన్నం దొరికింది. కానీ "ఏమీ లేని రాళ్లగుట్టల్లో ఇంత నగరం కట్టాం" అంటుంటారే, ఆ మాట మాత్రం ఒప్పుకోను. ఇక్కడ నీళ్లున్నాయి, పల్లె ఉంది, పనితనం తెలిసిన చేతులున్నాయి, మీ పునాదుల్లోకి దిగిన రాయి ఉంది.

ఇల్లు కట్టేవాళ్లకు ఒక్క మనవి. మీ స్థలంలో గుండుంటే పేల్చేముందు నక్షా మరోసారి చూడండి, దాన్ని ఉంచి కట్టే దారి దొరకవచ్చు. చెట్టు నరికితే మరొకటి నాటొచ్చు, చెరువు పూడితే పూడిక తీయొచ్చు. పగిలిన గుండును మాత్రం ఏ ఇంజనీరూ తిరిగి నిలబెట్టలేడు.