ఒక గొర్రెలబాట వాంగ్మూలం

నేను ఫ్రాన్సు దక్షిణాన సెవెన్న్ కొండల్లో, లోజేర్ పర్వతం మీదుగా పోయే గొర్రెలబాటను. ఇక్కడివాళ్లు నన్ను ద్రాయ్ అంటారు. మీ గొల్లకురుమలు మేత వెతుక్కుంటూ మందలు తోలుకుపోయే బాటల్లాంటిదాన్నే. ఎండలు ముదిరి లాంగ్‌దోక్ మైదానంలో గడ్డి మాడిపోయే వేళకు మందలు నామీదుగా కొండెక్కేవి, చలి దిగకముందే మళ్లీ కిందికి వెళ్లేవి. నన్ను ఏ ఇంజనీరూ గీయలేదు. గిట్టలు తొక్కి తొక్కి పుట్టించాయి. ఇప్పుడు నామీద ఎక్కువగా తిరిగేవి లావుపాటి గళ్ల టైర్లు. ఉత్తరాన అవలోన్ నుంచి మధ్యధరా తీరంలోని కాప్ దాగ్ద్ దాకా మాసిఫ్ సెంట్రల్ కొండలను అడ్డంగా కోస్తూ దాదాపు 1,400 కిలోమీటర్ల మౌంటెన్ బైక్ దారి ఒకటుంది. అగ్నిపర్వతాలు చల్లారిన ఓవెర్న్ గుట్టలూ, లోజేర్, ఎగ్వాల్ పర్వతాలూ, సున్నపురాతి పీఠభూములూ అన్నీ దాని మీదే తగులుతాయి. నాలాంటి ముసలి బాటలను ముక్కలుముక్కలుగా కలిపి కుట్టిన దారి అది. ఈ చక్రాలు కొండబాటల ప్రాణం తీస్తున్నాయని కొందరికి కోపం. నా వాదన వేరు. బాటకు అసలు గండం ఎవరూ రాకపోవడం. వచ్చేవాళ్లు చేసే నష్టం లేదనను, కాని దానికి మందుంది. రాకపోవడానికి మందు లేదు.

లెక్క చూడండి. 1851లో లోజేర్ జిల్లా జనాభా సుమారు 1,44,000. 1990 నాటికి అది 73,000కు పడిపోయింది. పట్టుపురుగులకు తెగులు వచ్చింది, రైలొచ్చింది, గనులు పిలిచాయి, యుద్ధం మింగింది. ఆ తర్వాత గొర్రెలు కూడా లారీలెక్కాయి. జనం పోయిన చోట బాట ఎలా పోతుందో దగ్గర్నుంచి చూసినవాళ్లు తక్కువ. తొక్కుడు ఆగిన మొదటి వసంతంలో పక్కల గడ్డి లోపలికి వంగుతుంది. ఆ వెనకే జెనే అనే పసుపుపూల పొద మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు గొర్రె కొరికి పారేసే మొక్కే అది, కొరికేవాళ్లు లేక మనిషెత్తు పెరుగుతుంది. దాని వేరు రాయిని పక్కకు తోస్తుంది. అంచుగోడలో సున్నం, మట్టి లేకుండా పేర్చిన రాళ్లలో ఒకటి జారితే ఎత్తిపెట్టేవాడుండడు. వెనకున్న నేల వానకు ఉబ్బి మిగతా గోడను కూడా కిందికి నెడుతుంది. మంచులో, పొగమంచులో దారి తప్పకుండా పూర్వం నా వెంట నిలువురాళ్లు పాతారు. వాటిని మోంజ్వా అంటారు. కొన్ని చోట్ల ఇప్పుడు ఆ రాళ్లు మాత్రమే నిలబడి ఉన్నాయి, అవి చూపించాల్సిన బాట లేదు.

చట్టం మాట కూడా వినాలి, ఎందుకంటే నా బతుకు సగం కాగితాల మీదే నడుస్తోంది. ఫ్రాన్సులో నాలాంటి చాలా బాటలు గ్రామీణ బాటల కింద లెక్క. ఊరి పాలకమండలికి సొంత ఆస్తి, కాని జనం నడవడానికి విడిచింది. మామూలు ఊరి రోడ్లను బాగుచెయ్యడం మండలి బాధ్యత, నన్ను బాగుచెయ్యడం మాత్రం దాని ఇష్టం. జనానికి ఇక పనికిరాదని తేలితే విచారణ జరిపి అమ్మేయవచ్చు. పక్క పొలం ఆసామి కంచె ముందుకు జరిపి, ముప్పై ఏళ్లు ఎవరూ అడగకపోతే నేను అతని పాలవుతాను. 2022లో వచ్చిన చట్టం ఊళ్లు తమ బాటల జాబితా తయారుచేసుకునే కాలంలో ఆ గడువు పరుగును ఆపే వీలిచ్చింది. మంచిదే, కాని జాబితా రాయించాలన్న పట్టుదల ఎవరికో ఒకరికి ఉండాలి కదా. నేను ప్రజల బాటనని చెప్పడానికి చట్టం ఒప్పుకునే ముఖ్యమైన రుజువుల్లో ఒకటి జనం నిజంగా నడుస్తూ ఉండడం. 1983 నుంచి విహార, పాదయాత్రా మార్గాల జాబితా ప్రతి జిల్లాకూ ఉండాలన్న నియమం ఉంది. అందులో పేరెక్కిన బాటను ఊరు అమ్మాలంటే బదులుగా ఇంకో దారి చూపించాలి. అంటే బురదలో పడిన టైరు అచ్చు నాకు మచ్చ కాదు, సాక్ష్యం.

నా వాదనకు మొదటి అభ్యంతరం నేల కోత గురించి. నన్ను కోసేది ప్రధానంగా నీళ్లు. ఇక్కడి శరత్కాలపు వానలకు ఈ కొండల పేరే పెట్టారు. ఎగ్వాల్ కింద వాలెరోగ్ ఊళ్లో 1900 సెప్టెంబరులో ఒక్క రోజులోపే 950 మిల్లీమీటర్లు కురిసినట్టు రికార్డు. ఈ వానలను తట్టుకోవడానికే పాతవాళ్లు నిటారు చోట్ల కలాద్ అనే రాతిపరుపు వేశారు. అందులో రాళ్లను పలకల్లా పరచరు. సన్నంచు పైకి వచ్చేలా నిలబెట్టి, ఒకదానికొకటి బిగించి పాతుతారు. అక్కడక్కడా ఐమూలగా ఒక పొడుగురాళ్ల వరస అడ్డం వేస్తారు, నీళ్లను పక్కకు తోలెయ్యడానికి. ఆ అడ్డురాళ్లు పూడిపోకుండా ఏడాదికోసారి పార పట్టేవాడుంటే చాలు, ఎంత వానైనా తట్టుకుంటాను. చక్రం తప్పు లేదా? ఉంది. వాలులో వెనక బ్రేకు బిగపట్టి జారుకుంటూ దిగితే సన్నని గాడి పడుతుంది, తర్వాతి వాననీళ్లు ఆ గాడినే పట్టుకుంటాయి. తిరిగే చక్రానికీ, ఈడ్చుకుపోయే చక్రానికీ అంత తేడా. అమెరికాలోని మోంటానా బాటల మీద జరిపి 1994లో ప్రచురించిన పరిశోధనలో గుర్రాలూ, నడిచేవాళ్లూ కొట్టుకుపోవడానికి వదిలిన మట్టి చక్రాలు వదిలినదానికంటే ఎక్కువని తేలింది. ఒక్క పరిశోధనతో కేసు కొట్టెయ్యమనను, ఆ నేల వేరు, ఈ నేల వేరు. ముద్దాయి చక్రం ఒక్కటే కాదన్న సంగతి మాత్రం అది తేల్చింది.

ముద్దాయి మారడం నాకు కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ బోనులో గొర్రె నిలబడింది. కొండలు బోడులై, వరదలు కింది ఊళ్ల మీద పడుతుంటే 1882లో కొండనేలల పునరుద్ధరణకు చట్టం తెచ్చారు. ఎగ్వాల్ మీద జార్జ్ ఫాబ్ర్ అనే అటవీ అధికారి వేల ఎకరాల్లో చెట్లు నాటించాడు. అడవి పెరగాలంటే మందలు తగ్గాలన్నది అప్పటి మాట. అది పూర్తిగా తప్పని అనలేను, మేపు మితిమీరిన చోట కొండ నిజంగానే కరిగిపోయింది. కాని మందలు దాదాపు కనుమరుగయ్యాక, 2023లో యునెస్కో కాలానుగుణ పశువలసను మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆ గుర్తింపు పొందిన దేశాల్లో ఫ్రాన్సూ ఉంది. నిందితుడే వారసత్వమయ్యాడు. గొర్రె స్వభావం ఈ మధ్యలో ఏమీ మారలేదు. మారింది సంఖ్య. చక్రాల విషయంలోనూ అడగాల్సింది అదే: ఎన్ని, ఏ కాలంలో, ఏ వాలు మీద, బాగుచేసేది ఎవరు? వీటికి జవాబు వెతకకుండా ఏకంగా నిషేధం అడగడం సోమరి ఆలోచన.

రెండో అభ్యంతరం నడిచేవాళ్లది, ఇది నాకు బరువైనదిగానే కనిపిస్తుంది. 1878లో రాబర్ట్ లూయిస్ స్టీవెన్‌సన్ గాడిదను తోలుకుంటూ లోజేర్ దాటినప్పటి నుంచీ ఈ కొండలకు నడకవాళ్ల మీద ఒక మమకారం ఉంది. ఆయన పేరు మీద కాలిబాట కూడా ఉంది. నిశ్శబ్దం కోసం వచ్చినవాడి వెనక నుంచి హఠాత్తుగా బ్రేకు కీచుమంటే చికాకు పుట్టదా? పుడుతుంది. ఇరుకు మలుపులో అది చికాకుతో ఆగదు, ప్రమాదం కూడా. దీనికి పరిష్కారం సగం దారి వేసేవాళ్ల చేతుల్లో ఉంది. పైన బోడినేలల్లో నేను విశాలంగా ఉంటాను, అక్కడ ఇద్దరికీ చోటుంది. నిటారుగా, ఇరుగ్గా దిగే చోట సైకిళ్లను వేరే వాలుకు మళ్లించాలి. రెండు వృత్తాల పక్కన ఒక త్రిభుజం ఉన్న పలకలను చెట్లకూ గుంజలకూ కొట్టేది అందుకే. వాటి ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగులు దారి ఎంత కష్టమో ముందే చెబుతాయి. మిగతా సగం దిగేవాడి మర్యాద, దానికి పలక కొట్టలేం. బ్యాటరీ సైకిళ్లు వచ్చాక ఎక్కలేనివాళ్లు కూడా పైదాకా వచ్చి రద్దీ పెంచుతున్నారన్న ఫిర్యాదు ఒకటుంది. ఆ మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. గొడవంతా దిగేటప్పటి వేగంతో, ఆ వేగం ఇచ్చేది మోటారు కాదు, కొండ. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు నామీదికి రావడంలో నాకేం తప్పు కనబడలేదు.

మీలో ఎవరైనా ఇటువైపు వస్తే వాన వెలిసిన మర్నాడు కాస్త ఆగి రండి, నేల ఆరనివ్వండి. కలాద్ మీద సైకిలు దిగి నడిపించండి. అడ్డురాళ్ల దగ్గర ఆకులు పేరుకుంటే కాలితో పక్కకు నెట్టండి. 1992లో ఇటలీ వైపు నుంచి తోడేళ్లు ఈ దేశానికి తిరిగొచ్చాయి, ఆ తర్వాత మందలకు కాపలాగా పెద్ద తెల్లకుక్కలను పెట్టుకోవడం పెరిగింది. అలాంటి కుక్క మొరుగుతూ ఎదురొస్తే సైకిలు దిగండి. దాన్ని మీకూ కుక్కకూ మధ్య అడ్డం పెట్టుకోండి, పరుగెత్తకండి, మంద చుట్టూ దూరంగా తిరిగి వెళ్లండి. ఈ బాట మీద మొదటి హక్కు ఇంకా మందదే.