ఒకటికి పదహారు

ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని తాళాలతోపాటు ఒక పూల్ టేబుల్ కూడా మాకే వదిలేశాడు. ఎంత పెద్ద మనసో అనుకున్నాం. పచ్చ గుడ్డ కింద ఉన్నది పలకరాయి అనీ, మొత్తం బరువు నాలుగొందల కిలోల పైమాటే అనీ, బేస్‌మెంట్‌లోంచి దాన్ని మెట్లెక్కించడానికయ్యే కూలికంటే ఇలా దానం చేసెయ్యడమే చవకనీ తర్వాత తెలిసింది. మా ఆవిడ మాత్రం మొదటిరోజు నుంచీ దాన్ని సద్వినియోగం చేసింది. ఉతికిన బట్టలు మడతపెట్టుకోవడానికి ఇంత విశాలమైన బల్ల నేపర్‌విల్ మొత్తం మీద ఇంకెవరింట్లోనూ లేదని ఆవిడ ధీమా.

టేబుల్‌తోపాటు గోడకి నాలుగు కర్రలు కూడా వచ్చాయి. వీటిని క్యూలంటారు. చిన్నప్పుడు మాకు క్యూ అంటే కిరసనాయిలు డబ్బాతో వెళ్ళి నిలబడేది. ఇక్కడ చేత్తో పట్టుకునేది. నాలుగింట్లో మూడు, బల్ల మీద దొర్లిస్తే ఒడ్డున పడ్డ చేపల్లా ఎగిరెగిరి పడేవి, అంత వంకర. నాలుగోది మాత్రం చూడముచ్చటగా ఉండేది. చెయ్యి పట్టే చోటు నుంచి నల్లకొయ్య నాలుగు సూదిమొనలై తెల్లకొయ్యలోకి ఎగబాకినట్టుండేది. ఏ మహానుభావుడు అతికాడో అని వారంరోజులు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఒకనాడు మా ఆవిడ తువ్వాళ్ళు మడతపెడుతూ ఒక మొనని గోటితో గీకింది. ఊడొచ్చింది. స్టిక్కరు.

"నయం, ఇంకా బొట్టు పెట్టలేదు దానికి" అంది.

ఆ గోటిగీత దగ్గర మొదలైంది నా వడ్రంగం.

అసలు సరుకు ఎలా ఉండేదా అని ఆరా తీస్తే కథ మా పక్కనున్న షికాగోకే వచ్చింది. బ్రన్స్‌విక్ కంపెనీ పూల్ హాళ్ళ కోసం టైట్లిస్ట్ అని కర్రలు చేసేది. ముందు సగం మేపుల్, వెనక సగం బరువైన ముదురురంగు కొయ్య. వేళ్ళలో వేళ్ళు జొనిపిన రెండు చేతుల్లాగ ఆ రెండు కొయ్యల్నీ ఒకదాన్నొకటి కరిపించి అతికేవారు. మేకు లేదు, మర లేదు. పొడుగాటి ఏటవాలు ముఖాలు, వాటి నిండా జిగురు. షికాగోలో హెర్మన్ రాంబో, న్యూయార్క్‌లో జార్జ్ బాలబుష్కా ఈ మామూలు హాలు కర్రల్నే కోసి, మధ్యలో మర బిగించి, విప్పి సంచిలో పెట్టుకోగల సొంత కర్రలుగా మార్చారు. బాలబుష్కా 1924లో రష్యా నుంచి వలస వచ్చినవాడు. 1975లో పోయాడు. 1986లో 'ది కలర్ ఆఫ్ మనీ' సినిమా వచ్చి, పూల్ ఆడని వాళ్ళకి కూడా ఆయన పేరు తెలిసేట్టు చేసింది. తమాషా ఏమిటంటే అందులో బాలబుష్కా అని చూపించింది ఆయన చేసిన కర్ర కాదు, జాస్ కంపెనీది. మన సినిమాల్లో హీరోకి డూప్ పెడతారు. వాళ్ళు కర్రకి పెట్టారు. మా ఇంట్లో స్టిక్కరు కర్ర మీద నాకు కోపం అప్పుడు కాస్త తగ్గింది.

అలాంటి అతుకున్న కర్ర నేనే చెయ్యాలనుకున్నాను. ఇంక కొనవలసింది బ్యాండ్ సా. మన సామిల్లుల్లో దుంగలు కోసే యంత్రానికి ఇది మనవడు. రెండు చక్రాల మీద బిగించిన ఇనప పట్టీ, దానికి పళ్ళు. గుండ్రటి రంపమైతే కోత మధ్యలో ఆపినచోట కొయ్య లోపల వంపు వదిలేస్తుంది. అతుకుకి సన్నటి మూల దాకా తిన్నగా పోయే కోత కావాలి. ఇదంతా మా ఆవిడకి వివరించి, పనిలో పనిగా 1875లో స్నూకర్ పుట్టింది మన జబల్‌పూర్‌లోనే కాబట్టి ఇది ఒక రకంగా మన వారసత్వమని కూడా చెప్పాను. "జబల్‌పూర్‌లో మనకెవరున్నారు?" అని అడిగింది. రంపం ధర ఇక్కడ రాయను. ఆవిడ కూడా ఇది చదువుతుంది.

రంపం వచ్చాక తెలిసింది, రంపంతో పని కాదు, జిగ్ కావాలని. జిగ్ అంటే జంతికల గొట్టం లాంటిది. ఎవరు నొక్కినా జంతిక జంతికలాగే రావాలి. కొయ్యని ఒకే వాలులో పట్టుకుని, ఒకే దారిలో రంపం దగ్గరికి తోసుకెళ్ళే చెక్క బండి. ఆ బండి చెయ్యడానికి మూలమట్టం సరిగా ఉండాలి. నా మూలమట్టం సరిగా లేదు, కొన్నాను. బండి జారడానికి పట్టాలు కావాలి, కొయ్యని నొక్కిపెట్టడానికి బిగింపులు కావాలి, పొట్టు పీల్చడానికి గొట్టం కావాలి. కౌపీనం కోసం పిల్లినీ, పిల్లి కోసం ఆవునీ పెంచిన సన్యాసి గుర్తొచ్చాడు. ఆయనకి కనీసం పాలు దక్కాయి.

ఈ దశలో మా మామగారు అత్తగారితోపాటు ధవళేశ్వరం నుంచి దిగారు. ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. అక్కడ ఆనకట్ట కట్టిన కాటన్ దొర పేరెత్తితే ఇప్పటికీ కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ఆరునెలల వీసా, చలికోటు, చేతిలో పని లేదు. మర్నాడు పొద్దున్నే గరాజులోకి వచ్చారు.

"ఏం కడుతున్నారు అల్లుడుగారూ?"

చెప్పాను. నాలుగు మొనల అతుకు నావల్ల కాదని అప్పటికే తేలిపోయింది. బ్యాండ్ సా పట్టీ కొయ్యని పైనుంచి కిందిదాకా పూర్తిగా కోసేస్తుంది. మధ్యలో ఆగి మూల ఒక్కటే చెక్కమంటే చెక్కదు. అందుకని సీతాకోకచిలుక అతుకు. వెనక కొయ్యని పంగలకర్రలా చీల్చడం, ముందు కొయ్యని ఆ పంగలో దిగేలా రెండు పక్కలా వాలుగా కొయ్యడం. కొయ్య అంగుళంన్నర చదరం. నడిమి దాకా ముప్పావు అంగుళం. ఆ ముప్పావునీ పన్నెండంగుళాల పొడవులో దిగాలి.

ఆయన కళ్ళు మూసుకుని లెక్క కట్టారు. "ఒకటికి పదహారు వాలు. కాలువకి ఇంత వాలిస్తే నీళ్ళతోపాటు గట్లూ పోతాయి బాబూ."

"ఇది కాలువ కాదు మామయ్యగారూ."

"వాలు వాలే కదండీ. మా దగ్గర వేలల్లో ఒకటి ఇస్తాం. అందుకే తప్పు జరిగినా ఎవరికీ కనపడదు. మీ వాలులో అన్నీ కనపడతాయి."

ఆ మాట లోతు నాకు జూన్‌లో అర్థమైంది. ఒకటికి పదహారు వాలులో అడ్డంగా జరిగిన తప్పు నిలువునా పదహారింతలవుతుంది. మా రంపం కోత మందం సుమారు ఒక మిల్లీమీటరు. మొదటి పంగ కోసేటప్పుడు ఆ మిల్లీమీటరు గీతకి లోపలివైపు పోవాలా బయటివైపు పోవాలా అన్నది నేను పట్టించుకోలేదు. దేవదారు చెక్క మీద చేసిన నమూనా అది, అదొక్కటే అదృష్టం. అతికి చూస్తే ముందు కొయ్య నేను పెట్టిన గుర్తు దాటి పదహారు మిల్లీమీటర్లు లోపలికి దిగిపోయింది. మన పెళ్ళిళ్ళలో పానకంలో బెల్లం తక్కువైన సంగతి మూడో వీధికి చేరేసరికి పెళ్ళికొడుకు అలిగి వెళ్ళిపోయాడని అవుతుంది చూడండి, అదే నిష్పత్తి.

పైగా పట్టీకి సొంత ఇష్టాలుంటాయి. మనం తిన్నగా తోస్తే అది కాస్త ఓరగా పోతుంది. దీన్ని డ్రిఫ్ట్ అంటారు. పట్టీ మారిస్తే ఓర మారుతుంది. ఒక వారం దాన్ని దారిలో పెడదామని చూసి, చివరికి దాని ఓరకే జిగ్‌ని తిప్పుకున్నాను. కొత్త కోడలొచ్చిన ఇంట్లో చేసే పనే.

ఇక్కడే జిగ్ గొప్పతనం ఒకటి చెప్పాలి. పంగకీ, పంగలో దిగే కొయ్యకీ జిగ్ ఒక్కటే. కొయ్య పక్కన ముప్పావు అంగుళం దిమ్మ పెడితే ఒకటి, తీసేస్తే ఇంకొకటి. వాలు పదహారో వంతు కాక పదిహేనున్నరో వంతు అయిందనుకోండి, రెండిట్లోనూ అంతే అవుతుంది, అతుకు మాత్రం బిగుస్తుంది. జిగ్ తప్పుని ఆపదు. ఒకే తప్పుని రెండుసార్లు, అణువంత తేడా లేకుండా చేయిస్తుంది. ఈ సంగతి గ్రహించిన రోజు మామగారు చాలాసేపు నవ్వారు. మా డిపార్ట్‌మెంట్‌లో దీన్ని స్టాండర్డ్ ఎస్టిమేట్ అంటామన్నారు.

జులై ఉక్కకి చెక్క పట్టా ఉబ్బి బండి కదలనంది. దాన్ని తీసి ఇనప పట్టా వేశాను. మొదటి కోత కోశాక కొయ్యని వెనక్కి లాగబోతే పట్టీ కూడా వెంట వచ్చి చక్రాల మీంచి జారింది. ముందు రంపం ఆపి, ఆ తర్వాత లాగాలట. జిగ్ మూడో అవతారంలో గానీ నిలబడలేదు. అప్పటికి మా గరాజులో కారు తప్ప అన్నీ పడుతున్నాయి.

ఆగస్టులో అసలు కొయ్యల మీద చెయ్యి వేశాను. ముందుకి మేపుల్, వెనక్కి పర్పుల్ హార్ట్. ఇది దక్షిణ అమెరికా కొయ్య. కోసినప్పుడు మట్టిరంగులో ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలాక ఊదారంగుకి తిరుగుతుంది. మా అత్తగారు నాలుగు రోజులు వరసగా వచ్చి చూసి, "వంకాయ కోస్తే నల్లబడుతుంది, ఇదేవిటో కోశాక వంకాయవుతోంది" అన్నారు.

జిగురు రోజు మాత్రం మర్చిపోలేను. ఎపాక్సీ పూసి, మేపుల్‌ని పంగలోకి దించి, రెండు పక్కల నుంచీ బిగింపులు వేశాను. తడి సబ్బుని గుప్పిట్లో గట్టిగా పిసికితే ఏమవుతుంది? అదే అయింది. నేను బిగించేకొద్దీ మేపుల్ మర్యాదగా, నెమ్మదిగా బయటికి నడిచి వచ్చేస్తోంది. వదులు చేసి లోపలికి తోస్తాను, బిగిస్తాను, వచ్చేస్తుంది. జిగురు గట్టిపడే లోపు తేలాలి.

"ముందు కొసల్ని పట్టండి బాబూ, పక్కల్ని కాదు" అని మామగారు ఒక కొసని పొట్టకి ఆనించుకుని, రెండో కొసని నా పొట్టకి ఆనించారు. ఇద్దరం ఎదురెదురుగా, మధ్యలో అయిదడుగుల కొయ్యతో, సముద్రం చిలుకుతున్నవాళ్ళలా నిలబడ్డాం. ఆయనే మళ్ళీ, "సైకిల్ ట్యూబు లేదా ఇంట్లో?" అన్నారు. మా అబ్బాయి సైకిల్ ట్యూబు చీల్చి, అతుకు పొడవునా కట్టుకట్టినట్టు చుట్టేశాం. ఆ తర్వాత ఎక్కడో చదివాను, కర్రలు చేసే పనివాళ్ళు కొందరు ఇలా రబ్బరు చుట్టే బిగిస్తారట. ఆ సంగతి మామగారికి చెప్పలేదు. అప్పటికే గరాజు సగం ఆయనదైపోయింది.

కొయ్యని లేత్ మీద ఒక్కసారే గుండ్రంగా తియ్యకూడదు. కాస్త తీసి, వేలాడదీసి, అది ఎటు వంగదలుచుకుందో వంగనిచ్చి, మళ్ళీ కాస్త తియ్యాలి. గట్టి పనివాళ్ళు దీనికి నెలలు, ఏళ్ళు ఇస్తారు. మాకు మామగారి వీసా ఎంతుందో అంతే ఉంది. అక్టోబర్ చివరికి కర్ర పూర్తయింది. చదరపు కొయ్య గుండ్రమయ్యేకొద్దీ వాలు ముఖాలు వంపు తిరిగి, మేపుల్ తెలుపు మీద ఊదారంగు తమలపాకులు రెండు, ఈ పక్కనొకటీ ఆ పక్కనొకటీ లేచాయి. నిజంగా బాగుంది. గోటితో గీకి చూడమని మా ఆవిడకే మొదట ఇచ్చాను.

మామగారు టేపు తీశారు. ఒక ఆకు కొస ఎనిమిదంగుళాల దగ్గర ఆగింది. రెండోది తొమ్మిది.

"అంగుళం తేడా" అన్నారు. కళ్ళు మూసుకున్నారు. "అంటే నడిమి నుంచి ముప్ఫైరెండో వంతు పక్కకి పోయారు. అటు అరంగుళం పెరిగింది, ఇటు అరంగుళం తరిగింది. ఆ మాత్రం కాటన్ దొరకీ పోయుంటుంది లెండి."

ఆ రాత్రి బట్టలన్నీ పక్కకి తీయించి మొదటి ఆట వేశాం. నా చేతిలో ఆరునెలల కర్ర. ఆయన జీవితంలో మొదటిసారి, గోడకున్న స్టిక్కరు కర్ర తీసుకున్నారు. ఆరునెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మని కొట్టినట్టు అంటారు. నేను ముసలమ్మని కూడా కొట్టలేకపోయాను. ఏడు బంతులూ వేసి నల్లది కూడా వేసేశాక, బల్ల ఈశాన్యం వైపు కాస్త వాలుగా ఉందనీ, తను దాన్ని లెక్కలో పెట్టుకుని కొట్టాననీ చెప్పారు.

మూడు జిగ్‌ల మీద కోసిన పక్కచెక్కలు ఒక పెట్టెడు పోగయ్యాయి. అడుగు పొడవు, ఒక కొస ముప్పావు అంగుళం, రెండో కొస కత్తి అంచు. మా ఇంట్లో ప్రతి తలుపు కిందా ఒకటి ఉంది. ఆరోరా గుడి దగ్గర పరిచయమైన ప్రతి కుటుంబానికీ మా ఆవిడ పసుపు కుంకుమలతోపాటు ఒకటి ఇస్తోంది. తిరుగు ప్రయాణంలో మామగారు తన ఇరవైమూడు కిలోల పెట్టెలోంచి రెండు స్వెట్టర్లు తీసేసి వాటి స్థానంలో పన్నెండు చెక్కలు సర్దుకున్నారు.

నిన్న ఫోన్ చేశారు. హాల్లో భోజనాల బల్ల ఇంకా ఊగుతోందట. చెక్క పెడితే జారి వచ్చేస్తోందట, మా అత్తగారు సాంబారు గిన్నె పెట్టనివ్వడం లేదట.

"వాలు ఎక్కువైందండీ" అన్నారు. "ఆ జిగ్ ఇంకా ఉంది కదా? ఈసారి ఒకటికి ఇరవై పెట్టండి బాబూ."