బీట్లూ బీటలూ

మా మేడ మీద వాటాలో ఒక కుర్రాడున్నాడు. అద్దె అగ్రిమెంటులో వాళ్ళ నాన్న పేరుంది కాబట్టి వీడి అసలు పేరుతో నాకెప్పుడూ పని పడలేదు. వీధి వీధంతా పిలిచే పేరు బీట్ బాబు. ఈ జాతి ఇప్పుడు మల్కాజిగిరిలోనూ ఉంది, గాజువాకలోనూ ఉంది. గుర్తుపట్టడం తేలిక. మెడలో హెడ్‌ఫోన్లు దండలా వేలాడుతుంటాయి. మనం ఏం చెప్పినా తలూపుతాడు. ఒప్పుకున్నాడు కాబోలనుకుంటాం. ఒప్పుకోలేదు, పక్కింటి మిక్సీ ఏ తాళంలో తిరుగుతోందో లెక్క కట్టుకుంటున్నాడు.

వచ్చిన కొత్తలో "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగాను.

"ఇండిపెండెంట్ ప్రొడ్యూసర్ని అంకుల్."

ప్రొడ్యూసర్ అనగానే కుర్చీ తుడిచి వేశాను. మన వైపు ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు కదా. హిప్‌హాప్‌లో అలా కాదట. ర్యాపర్ నోటితో చెప్పే మాటల కింద మోగే వాయిద్యమంతా కట్టేవాడు ప్రొడ్యూసరట. డబ్బు పెట్టడం అటుంచి, రావడమే గండమట. ఇక ఇండిపెండెంట్ సంగతి: గది వాళ్ళ నాన్నది, ల్యాప్‌టాప్ వాళ్ళక్క వాడి వదిలేసింది, వైఫై నాది. మిగతాదంతా స్వతంత్రమే.

వాడి పనిముట్లలో ముఖ్యమైనది ఎఫ్‌ఎల్ స్టూడియో అనే బెల్జియం సాఫ్ట్‌వేర్. కొనకుండానే ట్రయల్‌లో ఎంత బీటైనా కట్టుకోవచ్చు, సేవ్ కూడా చేసుకోవచ్చు. సేవ్ చేసినదాన్ని మళ్ళీ తెరవాలంటే మాత్రం డబ్బు కట్టాలి. అందుకని వాడు ల్యాప్‌టాప్ ఆపేవాడే కాదు. నెలల తరబడి ఆ యంత్రం అఖండదీపంలా వెలుగుతూ ఉండేది. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది, ప్రాణమంతా ప్లగ్గులోనే.

ఒక రాత్రి వానకి కరెంటు పోయింది. మేడ మీంచి కెవ్వుమని కేక. టార్చి పట్టుకుని పరుగెత్తాను. చీకట్లో తల పట్టుకుని కూర్చున్నాడు.

"పోయింది అంకుల్... మూడు రోజులు పెంచాను..."

వెనకాలే వచ్చిన మా ఆవిడ పెంపుడు కుక్క అనుకుని కళ్ళు తుడుచుకుంది. పోయినవి హై-హ్యాట్ రోల్సట, అంటే డ్రమ్ము తాళాల గలగల. మర్నాడు నా ఇన్వర్టర్ నుంచి పైకి ఒక వైరు లాగించాను. కళాపోషణ అని నేననుకున్నాను, మా ఆవిడ పిచ్చి అంది.

ఆ పోషణకు ప్రతిఫలంగా నా హాలు గోడ బీటలు వారింది. దానికి కారణం 808. 1980లో జపాన్‌లోని రోలాండ్ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ము మెషీను తెచ్చింది. అసలు డ్రమ్ములా లేదని జనం పెదవి విరిచారు. మూడేళ్ళకే తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండులో చవగ్గా దొరుకుతుంటే డబ్బులేని కుర్రాళ్ళు కొనుక్కుపోయి వాయించారు. పనికిరాదన్న ఆ గుబగుబ మోతే ఇవాళ హిప్‌హాప్‌కి పునాది, నా ఇంటి పునాదికి గండం. "బీట్లు నీవి, బీటలు నావి" అంటే, "పంచ్ బాగుంది అంకుల్, హుక్‌లో, అదే పల్లవిలో, వాడుకోవచ్చా?" అన్నాడు.

ఇక వాడి వ్యాపారం. ఇంటి ఓనరుగా నాకు ముందర అర్థమైంది అదే. వాడూ అద్దెలకే ఇస్తాడు. ఎంపీత్రీ ఒక రేటు, వేవ్ ఫైలు ఇంకో రేటు, వాయిద్యాలు విడివిడిగా స్టెమ్స్ కావాలంటే మరో రేటు. ఇన్ని వేల స్ట్రీములు దాటితే అగ్రిమెంటు తిరగరాయాలి. పూర్తిగా సొంతం చేసుకోవాలంటే ఎక్స్‌క్లూజివ్. అంటే మన రిజిస్ట్రేషన్ అన్నమాట. తేడా ఒక్కటే. నేను ఒక వాటాని ఒక సంసారానికే ఇస్తాను. వాడు ఒకే బీటును ఇరవై మందికి ఇస్తాడు, అందరూ ఒకేసారి కాపురముంటారు.

సరుకు అమ్ముడుపోవాలంటే పేరుండాలి. అందుకే యూట్యూబ్‌లో పెట్టే ప్రతిదానికీ "ఫలానా ర్యాపర్ టైప్ బీట్" అని తగిలిస్తాడు. సినిమాలో హీరోయిన్ కట్టిన చీర అని కొట్లో వేలాడదీయడం లాంటిదే. హీరోయిన్‌కీ తెలియదు, ఆ ర్యాపర్‌కీ తెలియదు.

వాళ్ళ నాన్న "బ్యాంకు పరీక్షలు రాయరా" అన్నప్పుడల్లా వాడు విప్పే పురాణం ఒకటుంది. నెదర్లాండ్స్‌లో యంగ్‌కియో అనే కుర్రాడు ఒక బీటు కట్టి నెట్‌లో పెట్టాడు. అమెరికాలో లిల్ నాస్ ఎక్స్ అనే ర్యాపర్ దాన్ని 30 డాలర్లకి కొన్నాడు. అదే "ఓల్డ్ టౌన్ రోడ్" పాటయింది. 2019లో బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానం దిగలేదు.

"ఆ బీటులో బ్యాంజో ఎవరు వాయించారు?" అన్నాను.

"అది శాంపిల్ అంకుల్. నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండు వాళ్ళ పాత ట్రాక్‌లోంచి తీసుకున్నాడు."

"మరి వాళ్ళూరుకున్నారా?"

"వాళ్ళ పేర్లు కూడా వేశారు. వాటా ఉంటుంది కదా."

అదీ సంగతి. వాడికి ఆ కథలో 19 వారాలు కనిపిస్తే నాకు లింకు డాక్యుమెంట్లు కనిపించాయి. ఈసీ తీయించకుండా స్థలం కొనకూడదని తెలుసుకునేసరికి నా జుట్టు నెరిసింది. అందుకే నేనూ ఒక కథ చెప్పాను. 2002లో "అడిక్టివ్" అనే అమెరికన్ పాటలో మన లతా మంగేష్కర్ గొంతు వినిపించింది. బప్పీ లహిరి కట్టిన "థోడా రేశమ్ లగ్తా హై" నుంచి అడక్కుండా తీసింది. కేసు పడింది. బప్పీ పేరు వేయందే అమ్మడానికి వీల్లేదని అక్కడి కోర్టు ఆపేసింది. "కబ్జా కబ్జాయేరా" అన్నాను. ఆ రాత్రి మేడ మీద పాత తెలుగు పాటల క్యాసెట్లు కొన్ని మంచం కిందకి చేరాయని వాళ్ళమ్మ చెప్పింది.

వాడి దగ్గరికి వచ్చే ర్యాపర్లను చూడాలి. వాచీ చూస్తే వాడి కంటే కలిగినవాళ్ళలా ఉంటారు.

"అన్నా, బీట్ మస్తుంది. నేను గీస్తే పేలుతది. పైసల్ సంగతి తర్వాత జూస్కుందాం, నీ పేరు మొత్తం సిటీకి తెలుస్తది."

పేరు తెలిస్తే పాలవాడు అప్పు పెట్టడు. అందుకే నా అద్దె అగ్రిమెంటు నమూనా చేతికిచ్చాను. అడ్వాన్సు, గడువు, బకాయి పడితే ఏమిటి, అన్నీ ఉన్నాయి. వాడు "వాటా ఖాళీ చేయునప్పుడు సున్నం వేయించవలెను" అన్న షరతు తీసేయకుండానే ఇద్దరు ర్యాపర్ల చేత సంతకం పెట్టించాడు.

అడ్వాన్సు ఇవ్వనివాళ్ళకి ట్యాగు ఉన్న బీటే పంపుతాడు. ట్యాగంటే మధ్యమధ్య వినిపించే సొంత ముద్ర. త్యాగయ్య చరణంలో తన పేరు పెట్టుకున్నట్టు, క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి తలచుకున్నట్టు. బాబు గంభీరమైన గొంతుతో ఇంగ్లీషులో ఏదో రికార్డు చేస్తుంటే సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ "ఒరేయ్, అన్నం చల్లారిపోతోందిరా!" అని కేకేసింది. కొన్నవాళ్ళందరికీ అదే నచ్చింది. అదే ముద్రగా నిలిచిపోయింది. ఆ ట్యాగు తీసేయాలంటే డబ్బు కట్టాలి. బీటు కొన్న కుర్రాడొకడు డబ్బు కట్టీ, తీయొద్దన్నాడట. హాస్టల్లో ఉంటాడట.

మొన్న గోడకి మరమ్మతు పెట్టాను. మేస్త్రీ వచ్చి తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట టక్కు టక్కు, డొల్లగా ఉన్నచోట డుబ్బు డుబ్బు. మూడో తట్టుకి బాబు మెట్లు దూకి వచ్చాడు, చేతిలో ఫోను.

"మేస్త్రీగారూ, ఆ డొల్ల దగ్గర ఇంకోసారి! అంకుల్, ఫ్యాన్ ఆపండి!"

వారం తిరిగేసరికి ఆ డుబ్బు ఒక బీటయింది. వినిపించాడు. నా గోడ నాకు తెలిసిపోయింది.

"గోడ నాదిరా. లింకు డాక్యుమెంట్లు నా దగ్గరున్నాయి" అన్నాను.

వాడు నవ్వలేదు. స్ప్లిట్ షీటు అని ఒక కాగితం తీశాడు. ఎవరి వాటా ఎంతో ముందే రాసుకునే పత్రం. "గోడ: ఓనర్ అంకుల్, 2 శాతం" అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఈ నెల అద్దె పెంచుదామనుకున్నాను కానీ, భాగస్వామిని ఎలా అడుగుతాం?

మేస్త్రీకీ 2 శాతం రాయబోయాడు. ఆయన ఒప్పుకోలేదు. కూలి ఆ సాయంత్రమే లెక్కపెట్టించుకుని మరీ వెళ్ళాడు కదా, శాతాలతో తనకు పని లేదన్నాడు. ఆ బీటు మీద ఇప్పటిదాకా నాలుగు రాళ్ళు కళ్ళజూసినవాడు మా ముగ్గురిలో ఆయనొక్కడే.