దొర మెచ్చిన బొమ్మ

రఫేల్, మైకెలాంజెలో గొప్పవాళ్లే, కాదనేదెవరు? కండ, ఎముక, దూరం, దగ్గర అన్నీ లెక్క తప్పకుండా గీశారు. అయితే వాళ్ల బొమ్మలు చూసి మూర్ఛపోవాలని కలకత్తాకు నేర్పింది మాత్రం దొర. చిత్రమేమిటంటే, ఆ పాఠం చాలించమన్నదీ దొరే! 1896లో అక్కడి ప్రభుత్వ ఆర్ట్ స్కూలుకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఇ.బి. హావెల్, యూరప్ నమూనాలు పక్కనబెట్టి మన కళ నేర్చుకోండన్నాడు. అంతే, కుర్రాళ్లు భగ్గుమన్నారు. గొప్ప కళ మనకు అందకుండా చేసే కుట్ర ఇదని పత్రికలు గోల పెట్టాయి. రణదాప్రసాద్ గుప్త అనే ఆయన ఏకంగా వేరే అకాడమీయే తెరిచారు.

అప్పటికి అదే ఊళ్లో కాళీఘాట్ గుడి దగ్గర పటాలు గీసే పటువాలు పైసాకో బొమ్మ అమ్ముతూనే ఉన్నారు. నుదుట నామం, నోట రొయ్య, పిల్లిగారి దొంగభక్తి! నాలుగు గీతల్లో ఊరి పెద్దల పరువు తీసేశారు. కలకత్తా బాబుగారు మాత్రం ఊళ్లోని మార్బుల్ ప్యాలెస్‌లో యూరప్ చిత్రకారుడు రూబెన్స్‌ను చూసి తల పంకించారు.

ఆ కాళీఘాట్ పటాలిప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వందల కొద్దీ ఉన్నాయి. ఇంకేం, మనకూ నచ్చేస్తున్నాయి!