చరగృహ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ. ఇల్లు కదలెఁ జూడు మిరుసుపై వంటతో
నెయ్యి లేదు పెరుగు నిలువ లేదు
కడలి దాటి కుడికిఁ గట్టిగాఁ దిరిగిన
మెల్లగాఁ జనుటయె మేలు సుమ్మి

అవతారిక: కవి అజ్ఞాతుడు. ఇంగ్లండులోని స్లౌ వాస్తవ్యుడనీ, పిల్లల వేసవి సెలవుల్లో అద్దె మోటర్‌హోమ్‌లో సకుటుంబంగా ఉత్తర ఫ్రాన్సు తిరిగివచ్చాడనీ ప్రతీతి. పద్యంలో యతులు నాలుగే. ప్రయాణంలో చంటివాడి పుణ్యమా అని లెక్కలేనన్ని.

టీక: ఇల్లు = మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, పేరెత్తకూడని గది గల బండి; ఇరుసుపై = చక్రాల మీద; వంటతో = కుక్కరు, ఇడ్లీ పాత్ర, 20 కిలోల సోనా మసూరి సంచీతో; కదలెన్ = కదిలింది; చూడుము = (అద్దంలోకి) చూడు.

మామూలు కారు లైసెన్సుతో తోలాలంటే ఆ బండి మొత్తం బరువు 3,500 కిలోలు దాటరాదు. 1997 జనవరి 1కి ముందు బ్రిటన్‌లో కారు టెస్టు ప్యాసైనవాళ్ళు 7,500 కిలోల దాకా తోలవచ్చు. వైటూకే నాడు దిగిన మనవాళ్ళకు ఆ యోగం లేదు. నీళ్ళ ట్యాంకు, సైకిళ్ళు, అత్తగారు, అన్నీ ఆ తూకంలోనే ఇమడాలి. బియ్యం దింపాలా సైకిళ్ళు దింపాలా అని కవిగారింట చర్చ జరిగిందని వినికిడి. పద్యంలో సైకిళ్ళ ప్రస్తావన లేదు.

‘నెయ్యి లేదు’: ఆవకాయ ఉండగా నెయ్యి లేకపోవడమేమిటని శంక. కవిది దారిద్ర్యమా? కాదు, చట్టం. 2021 జనవరి నుంచి బ్రిటన్‌ ప్రయాణికులు సొంత తిండికైనా సరే, మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి పట్టుకెళ్ళకూడదు. తోడు పెరుగు సైతం. కరివేపాకుకు మొక్కల ఆరోగ్య పత్రం అడుగుతారు. ఆ పత్రం అక్కర్లేని పళ్ళు అయిదే: అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డూరియన్. ఈ జాబితా రాసినవారు సత్యనారాయణ వ్రతం ఎరిగినవారేనని ఒక వ్యాఖ్యాత అన్నాడు. చింత్యం. ఎరిగినవారైతే ప్రసాదంలోకి నెయ్యి ఆపుతారా?

మరి ఆవకాయన్నం గతి? నార్మండీయే శరణ్యం. అక్కడి ఇజిన్యీ వెన్నకు 1986లోనే ఊరి పేరు మీద చట్టపరమైన గుర్తింపు వచ్చింది. ఉప్పు లేనిది కొనాలి. పొట్లం మీద ‘దూ’ అని ఉంటుంది. ఉప్పు వెన్న కాస్తే అడుగున మిగిలే గసి నోట పెట్టలేం. బండిలోని బుల్లి పొయ్యి మీద సన్నమంటన వెన్న చిటపటలాడి, నురగ అణిగి, అడుగు ఎర్రబడి, ఆ వాసన కిటికీ దాటేసరికి పక్క బండి ఫ్రెంచి దంపతులు కుర్చీలు ఇటు తిప్పుకున్నారట. మిగిలింది సీసాకెత్తి తెచ్చుకుందామా అంటే, గాలికుంటు వ్యాధి భయంతో బ్రిటన్ కూడా 2025 ఏప్రిల్ 12 నుంచి అటునుంచి వచ్చే పాల పదార్థాలకు అడ్డుకట్ట వేసింది. కాచినచోటే తినిరావాలి.

కడలి = డోవర్, కలేల మధ్య జలసంధి. ఇరుకైనచోట 33 కిలోమీటర్లు, ఓడలో గంటన్నర. హనుమంతుణ్ణి తలచుకునేంత దూరం కాదు, వాంతి బిళ్ళ చాలు.

కుడికి = రోడ్డుకు కుడి పక్కన నడపాలని వాచ్యార్థం. బ్రిటన్ బండికి స్టీరింగు కుడివైపే గనక, లారీని దాటాలంటే ఎడమ సీటులోని ఇల్లాలు చూసి చెప్పాలి. టోల్ గేటు చీటీ కూడా ఆవిడే చెయ్యి చాచి అందుకోవాలి. ‘గట్టిగా’ అన్నది తిప్పడానికి చెందుతుందా, ఆవిడ స్వరానికి చెందుతుందా అన్నచోట వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. నేను రెండో పక్షం.

మెల్లగాఁ జనుట: మధ్యలో డివైడర్ లేని ఫ్రాన్సు పల్లె రోడ్లకు 2018 జులైలో వేగ పరిమితిని గంటకు 80 కిలోమీటర్లకు తగ్గించారు. తర్వాత కొన్ని జిల్లాలు మళ్ళీ 90 చేసుకున్నాయి. కవి 60 దాటినట్టు దాఖలా లేదు. అందుకే సోమ్ నది ముఖాన సెయింట్ వాలరీలో ఆగగలిగాడు. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండు మీదికి ఓడలెక్కింది ఆ ఊరినుంచే. విలియానికి వీసా అడిగినవాడు లేడు.

తాత్పర్యం: వంటింటితో సహా సముద్రం దాటినవాడికి తొందర తగదు.

దోషవిచారం: కలేలో దిగి ఒడ్డు వెంట పోవాలంటే కుడికే తిరగాలి. కవి అంతటితో ఆగాడు. ఎడమకు, లోపలికి మళ్ళితే లీల్‌కు పడమరన, లా బాసే నుంచి ఎస్తేర్ పోయే రోడ్డు పక్కనే నోవ్ షపెల్ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 మార్చిలో మన సిపాయిలు బ్రిటన్ తరఫున అక్కడ పోరాడారు. అక్కడి స్మారకం: ఎత్తైన రాతి స్తంభం, రెండు పక్కలా రాతి పులులు, సమాధి దక్కని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు. దాన్ని 1927 అక్టోబర్ 7న ఆవిష్కరించారు. అటు వెళ్ళే తెలుగువాళ్ళు బండిని ఒక్క పూట ఎడమకు తిప్పండి.