మూడు మ్యాచ్‌ల జోస్యం

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ ఆగస్టులో మొదలై మే నెల దాకా సాగుతుంది. 20 జట్లు, ఒక్కో జట్టుకి 38 మ్యాచ్‌లు. ఈ లెక్క మా బావమరిదికీ తెలుసు. అయినా కప్పు ఎవరిదో, కింది డివిజన్‌కి దిగిపోయే రెలిగేషన్ ఎవరికో, ఏ కోచ్ ఉద్యోగం దసరాలోపు ఊడుతుందో మూడంటే మూడు మ్యాచ్‌లు చూసి తేల్చేస్తాడు. మిగతా 35 మ్యాచ్‌లూ టీవీ వాళ్ల పొట్ట నింపడానికి ఆడుతున్నారని వాడి ఉద్దేశం.

"అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు చాలదా బావా?" అంటాడు.

చాలు, అన్నమంతా ఒకే గిన్నెలో ఉడుకుతుంటే. ఫుట్‌బాల్లో ప్రతి మ్యాచ్‌కీ గిన్నె వేరు, పొయ్యి వేరు. ఒకరికి తొలి వారమే సొంత మైదానంలో కింది డివిజన్ నుంచి కొత్తగా వచ్చిన జట్టు తగులుతుంది. ఇంకొకరు అదే వారం మాంచెస్టర్ సిటీ గడప తొక్కి వీపు పగలగొట్టించుకుని వస్తారు. ఆటగాళ్ల కొనుగోళ్లు ఆగస్టంతా సాగుతూనే ఉంటాయి కాబట్టి, మొదటి మ్యాచ్‌లో హీరో అనిపించుకున్నవాడు నెల తిరిగేసరికి వేరే ఊళ్లో వేరే చొక్కా తొడుక్కోవచ్చు. పైగా ఇదేమీ క్రికెట్ కాదు, వందల్లో పరుగులు రావడానికి. రెండు జట్లూ కలిసి వేసేది మూడు గోల్స్, అటూ ఇటూగా. ఒక్క బంతి డిఫెండర్ మడమకి తగిలి దారి తప్పిందంటే పాయింట్లన్నీ చేతులు మారిపోతాయి.

మావాడు ఆర్సెనల్ భక్తుడు. 2021 ఆగస్టులో ఆ జట్టు వరసగా మూడు మ్యాచ్‌లు ఓడింది. బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 0-2, చెల్సీ చేతిలో 0-2, సిటీ చేతిలో 0-5. వేసినవి సున్నా, తిన్నవి తొమ్మిది, స్థానం 20. మెతుకు సిద్ధాంతం ప్రకారమైతే దినం పెట్టేయాలి. వాడు మాత్రం ఎంతో నిబ్బరంగా, "తొలి రోజులు కదా బావా, కుదురుకోనీ" అన్నాడు. కుదురుకుని ఐదో స్థానంలో తేలారు. మరుసటి ఏడు తొలి ఐదు మ్యాచ్‌లూ గెలిచేసరికి ఆ నిబ్బరం ఎటు పోయిందో గానీ, "టేబుల్ చూశావా? ఇంకా సందేహమా?" అని పొద్దున్నే ఫోన్లు. చివరికి రెండో స్థానం.

దీంతో అసలు సూత్రం నాకు బోధపడింది. ఎన్ని మ్యాచ్‌లు చూస్తే జట్టు సత్తా తెలుస్తుందనేది గణితం కాదు, బంధుప్రీతి. సొంత జట్టు గెలిస్తే మూడు చాలు, ఓడితే 38 కూడా చాలవు. పక్క జట్టు గెలిస్తే, "వాళ్లకి ఫిక్స్చర్లు తేలిక."

ఈ గోల పడలేక మా ఆవిడ, అంటే వాడి అక్క, ఇంట్లో ఒక చట్టం చేసింది. శనివారం రాత్రి ఏడున్నర మ్యాచ్ ఎనిమిదిన్నరకి మారేదాకా పాయింట్ల పట్టిక మాటెత్తకూడదు. అక్టోబరు చివర ఇంగ్లండ్‌లో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, దాంతో మన దగ్గర మ్యాచ్ గంట ఆలస్యంగా మొదలవుతుంది. అప్పటికి సుమారు తొమ్మిది మ్యాచ్‌లు అయిపోతాయి.

మంచి చట్టమే. కానీ హల్ సిటీ దాన్ని 2008లోనే కొట్టేసింది. చరిత్రలో మొదటిసారి పై డివిజన్‌కి వచ్చిన ఆ జట్టు, ఆర్సెనల్‌నీ టాటెనమ్‌నీ వాళ్ల ఇళ్లలోనే ఓడించి, తొమ్మిది మ్యాచ్‌ల్లో 20 పాయింట్లతో మూడో స్థానంలో కూర్చుంది. తర్వాతి 29 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే. మొత్తం 35 పాయింట్లతో, ఒకే ఒక్క పాయింటు తేడాతో రెలిగేషన్ తప్పించుకుంది.

లెస్టర్ కథ దీనికి తలకిందులు. 2015లో ఆ జట్టు కప్పు గెలుస్తుందంటే పందెంరాయుళ్లు ఒకటికి ఐదువేలు ఇస్తామన్నారు. గోల్ తినకుండా ఒక్క మ్యాచ్ ముగిస్తే పిజ్జా పెట్టిస్తానని కోచ్ రానియేరి ఆటగాళ్లకి ఆశ చూపితే, ఆ పిజ్జాకి పదో మ్యాచ్ దాకా ఆగాల్సొచ్చింది. మరుసటి ఏడు మే నెలలో కప్పు వాళ్లదే.

మాజీ ఆటగాళ్లకైనా ఈ విద్య పట్టుబడిందా అంటే, అదీ లేదు. 1995 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ తొలి మ్యాచ్ ఓడగానే, పిల్లకాయలతో ఏమీ గెలవలేరని అలన్ హాన్సెన్ బీబీసీలో తేల్చేశాడు. ఆ పిల్లకాయల్లో బెకమ్, స్కోల్స్ ఉన్నారు. ఆ సీజన్లో లీగూ, ఎఫ్ఏ కప్పూ రెండూ యునైటెడ్‌వే.

ఈమధ్య మావాడు ఎక్స్‌జీ అనే కొత్త పంచాంగం పట్టాడు. ప్రతి షాటూ గోలయ్యే అవకాశం ఎంతో లెక్కకట్టే పద్ధతది. పెనాల్టీకైతే సుమారు 0.8. పాయింట్ల కంటే ఇది కాస్త నిజాయితీ గల సాక్షే. కాకపోతే సాక్షిని ఎప్పుడు పిలవాలో మావాడే నిర్ణయిస్తాడు. గెలిచిన రోజు ఎక్స్‌జీ ఊసే ఉండదు. ఓడిన రోజు, "లెక్క ప్రకారం మనమే గెలిచాం బావా!"

మన హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే రెండు పాఠాలూ చెప్పింది. 2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) తొలి మ్యాచ్ 0-5తో ఓడి, ఆ సీజన్ ఆఖరి స్థానంలోనే ముగించింది. మెతుకు నిజమే చెప్పింది. 2021లోనూ తొలి మ్యాచ్ ఓడింది. ఆ సీజన్ ట్రోఫీయే ఎత్తుకొచ్చింది.

కాబట్టి పాఠక మహాశయులారా, సెప్టెంబరులో ఎవరైనా "ఈసారి ఎవరు?" అని అడిగితే, పది మ్యాచ్‌లు కానివ్వండి అనండి. పది అయ్యాక అడిగితే హల్ సిటీ పేరు చెప్పండి. మే నెలలో అడిగితే మాత్రం, "నేను ఆగస్టులోనే చెప్పాను కదా!" అనండి. ఎవరికీ గుర్తుండదు. ఒక్కటే జాగ్రత్త. జోస్యం నోటితోనే చెప్పండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.