కదలనిది దొంగసొత్తు కాదు

మృచ్ఛకటికం నాటకంలో శర్విలకుడనే దొంగ గోడకు కన్నం ఏ ఆకారంలో వేస్తే అందంగా ఉంటుందా అని తెగ ఆలోచిస్తాడు. చదువు చాలక గానీ, ఇంగ్లండు కామన్ లా తిరగేసి ఉంటే గోడ జోలికే పోయేవాడు కాదు. ఇంటినీ స్థలాన్నీ కలిపే కొట్టేసేవాడు.

ఆ పాత న్యాయం ప్రకారం దొంగతనమంటే పరాయివాడి వస్తువును అతని సమ్మతి లేకుండా, తిరిగివ్వని ఉద్దేశంతో, ఉన్నచోటు నుంచి కదిలించి పట్టుకుపోవడం. భూమి కదలదు. కాబట్టి దాన్ని దొంగిలించడం ఎవరి తరమూ కాదు. ఎంత భరోసా! చెట్టు కూడా భూమిలో భాగమే. నరికి, ఆ ఊపులోనే ఎత్తుకుపోతే దొంగతనం అయ్యేది కాదు. నరికి, పక్కన పడేసి, తర్వాత తీరిగ్గా వచ్చి మోసుకుపోతే దొంగతనమయ్యేది. శిక్షంతా మధ్యలో బద్ధకించినందుకే.

రాత్రిపూట ఇంట్లో దూరడానికీ మర్యాదలుండేవి. తెరిచి ఉన్న తలుపులోంచి వెళితే బర్గ్లరీ అయ్యేది కాదు, పొగగొట్టంలోంచి దిగితే ఇల్లు బద్దలుకొట్టినట్టే లెక్క కట్టేవారు. 1799లో ఒక బ్యాంకు గుమాస్తా ఖాతాదారు ఇచ్చిన 100 పౌండ్ల నోటును జేబులో వేసుకున్నాడు. నోటు సొరుగులో పడనే లేదు, బ్యాంకు చేతికి రానిదాన్ని బ్యాంకు నుంచి ఎలా దొంగిలిస్తాడని జడ్జీలు తేల్చారు. పార్లమెంటు ఆ ఏడాదే పరుగున కొత్త చట్టం తెచ్చింది. బ్యాంకుల సొమ్ము కదా మరి!

చిల్లర దొంగ విషయంలో మాత్రం ఏ ధర్మసందేహమూ రాలేదు. 12 పెన్నీల పైన దొంగిలిస్తే ఉరి. తర్వాత ఇంట్లో దొంగతనానికి ఆ హద్దు 40 షిల్లింగులైతే, మనసొప్పని జూరీలు ఎంత విలువైన సొత్తుకైనా 39 షిల్లింగులే వెలకట్టేవి. దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం ఒక మనిషి ప్రాణం కాపాడేది. ఆ దేశపు న్యాయవ్యవస్థలో నాకు నచ్చిన ఘట్టం ఇదొక్కటే.

ఇక 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా బిల్లులతో ఇంగ్లండులో 68 లక్షల ఎకరాలకు కంచెలు పడ్డాయి. అందులో పల్లెజనం పశువులు మేపుకున్న, కట్టెలు ఏరుకున్న ఉమ్మడి నేలలెన్నో. బిల్లులు పాసు చేసిన సభల నిండా భూస్వాములే. దొంగతనం అందామా అంటే వీల్లేదు, భూమి ఉన్నచోటే ఉంది. కదిలిపోయింది పల్లెజనమే.

ఆ తెలివి 1860 శిక్షాస్మృతితో మనకూ దిగుమతి అయింది. 378వ సెక్షన్‌లో దొంగతనం చరాస్తికే పరిమితం. భూకబ్జాల కోసం ఆంధ్రప్రదేశ్ 1982లో వేరే చట్టం చేసుకోవలసి వచ్చింది. 2024 జులై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా నిర్వచనం మారలేదు. పొరుగింటి మేకను తోలుకుపోతే 303వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. మేకను కట్టేసిన పెరడును కాజేస్తే ఆ సెక్షన్ వర్తించదు.